మిరప ముఠాల చీటీ

కొన్నేళ్ళ కిందట, ఒక జూన్ నెలలో, మా కాలేజీలో కొత్తగా తెరిచిన అనువర్తన ఆరోగ్య పరిశోధన విభాగానికి నన్ను అధిపతిగా వేశారు. అప్పటికి నేను గుంటూరులో చాలా ఏళ్ళుగా కమ్యూనిటీ మెడిసిన్ ప్రొఫెసర్ని. రిటైర్మెంటు కనుచూపు మేరలోనే ఉంది. విభాగం పేరు పొడుగ్గా ఉండేది గాని గది మాత్రం పొట్టిది. రెండు బీరువాలు, ఒక బల్ల పెట్టాక నలుగురు కూర్చుంటే అయిదో మనిషి గుమ్మంలో నిలబడాల్సి వచ్చేది. అయినా ఉద్యోగంలో హాయిగా గడిపిన కాలం ఏదంటే ఆ గదిలో గడిపిందే. ఇవాళ్టికీ ఫిబ్రవరిలో మిరప ఘాటు ఊళ్ళోకి కొట్టి తుమ్ములు మొదలైతే నాకు చిరాకు రాదు, ఆ పిల్లలు గుర్తొస్తారు.

అనువర్తన పరిశోధన అంటే, ప్రయోగశాలలో తేలిన సంగతిని మనిషి చేతికి అందేదాకా తీసుకుపోయే పని. సీసాలో పనిచేసిన మందు చేలో పనిచేస్తుందా, చేసినా జనం దాన్ని వాడతారా, వాడితే ఎన్నాళ్ళు వాడతారు, ఇవీ మా ప్రశ్నలు. మా దగ్గర పీహెచ్‌డీకి చేరే పిల్లల్ని స్కాలర్లు అనేవాళ్ళం. ఫార్మసీ నుంచో నర్సింగ్ నుంచో బయోటెక్నాలజీ నుంచో వచ్చేవాళ్ళు. యంత్రం ముందు కూర్చోబెడితే పూటంతా కదలరు. పొలం గట్టు మీద నిలబెడితే నోరు పెగలదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని వాళ్ళకు ఏ పాఠ్యపుస్తకమూ చెప్పి ఉండదు.

అందుకని ప్రతి బ్యాచ్‌నీ మొదటి ఆదివారం వాడరేవు తీసుకెళ్ళేదాన్ని. ఇసుకలో చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్ళ దగ్గరికి పంపి, ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న అడిగి రమ్మనేదాన్ని. షరతు ఒకటే. ‘బాగానే ఉందండి’ అన్న జవాబు చెల్లదు. ఒకసారి బయోటెక్నాలజీ నుంచి వచ్చిన స్కాలరు ఒకతను చాలాసేపటికి తిరిగొచ్చి, తను అడిగింది ఏమీ లేదనీ, ఆవిడే తనని ఊరూ పేరూ అమ్మానాన్నల సంగతీ అన్నీ అడిగి, ఎండలో ఎందుకు నిలబడ్డావని కసిరి, టోపీ కొనుక్కోమని పంపించిందనీ దిగులుగా చెప్పాడు. అందరికంటే ఎక్కువ మార్కులు అతనికే వేశాను. ఆ రోజు నిజంగా మాటా మంతీ జరిగింది అతనొక్కడితోనే.

రెండో బ్యాచ్‌లో వచ్చింది రెహానా. ఫార్మసీలో పీజీ చేసింది. వాళ్ళ నాన్నగారికి గుంటూరులో టైలరింగ్ షాపు. మాట మెత్తన, పట్టు గట్టి. పీజీ చదివే రోజుల్లోనే, మిరప ఘాటు చర్మంలోకి దిగకుండా అడ్డుపడే లేపనం ఒకటి తయారు చేసింది. ప్రయోగశాలలో అది నిలబడింది. దాన్ని పొలంలో నిలబెట్టడమే ఆమె పీహెచ్‌డీ.

మిరప కోతలకు వెళ్ళే ఆడవాళ్ళ చేతులు సాయంత్రానికి భగభగమంటాయి. ఆ రెండు మూడు నెలలూ చాలామంది అన్నం చేత్తో కలుపుకోలేక చెంచాతో తింటారు. చంటిబిడ్డల తల్లులు బిడ్డ ముఖం తాకడానికి భయపడతారు. పొద్దున చేలోకి దిగేముందు ఆముదమో కొబ్బరినూనో రాసుకోవడం, ఇంటికొచ్చాక మజ్జిగలో చేతులు ముంచుకోవడం వాళ్ళ అలవాటు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని కాకుండా, కాలకముందే కాచే పూత ఒకటి ఉండాలన్నది రెహానా పట్టుదల.

పర్చూరు వైపు ఒక ఊరు ఎంచుకున్నాం. ఆ ఊళ్ళో నాలుగు కోత ముఠాలు ఉన్నాయి. ముఠా అంటే కలిసి కూలికి వెళ్ళే ఆడవాళ్ళ జట్టు. ఒక్కో ముఠాకు ఒక్కో మేస్త్రి, వీళ్ళలో ఆ మేస్త్రులు కూడా ఆడవాళ్ళే. రెండు ముఠాలకు లేపనం ఇవ్వాలి, మిగతా రెండు ముఠాలూ ఎప్పటిలాగే నూనె రాసుకుంటూ కోతలకు వెళ్ళాలి. సీజను చివర రెండు వైపుల చేతులనూ పోల్చి చూడాలి. పోలిక లేకపోతే ఏ మందు గొప్పతనమూ తేలదు. ఏ ముఠా ఎటు వైపో నిర్ణయించడం మా ఇష్టానికి వదిలితే, తెలియకుండానే మాకు నచ్చిన ముఠాకు మందు ఇచ్చేస్తాం. కాబట్టి దాన్ని అదృష్టానికి వదిలిపెట్టాలి. మా భాషలో దీన్ని యాదృచ్ఛిక కేటాయింపు అంటారు.

ఈ సంగతులన్నీ అంగీకార పత్రంలో రాసి, చదివి వినిపించి, ఒప్పుకున్నవాళ్ళ చేత సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. అందులో మా హాస్టల్ వంటావిడకు అర్థంకాని మాట ఒక్కటి కూడా ఉండకూడదని నా నియమం. యాదృచ్ఛిక కేటాయింపు అన్న మాట వంటావిడ సంగతి అలా ఉంచి, మా ప్రిన్సిపాల్‌కు కూడా నోరు తిరిగేది కాదు. రెహానా దాన్ని కొట్టేసి, “ఏ ముఠాకు లేపనం ఇవ్వాలో చీటీ వేసి నిర్ణయిస్తాం” అని రాసింది. మనుషుల మీద జరిగే ప్రతి పరిశోధననూ ముందుగా చదివి అనుమతి ఇచ్చే సంఘం ఒకటి ఉంటుంది, ఎథిక్స్ కమిటీ అంటారు. పిల్లలు రాసిన తెలుగును చీల్చి చెండాడటం ఆ కమిటీకి సరదా. ఈసారి ఒక్క ముక్క అనలేదు. అందులో సభ్యుడైన లాయరుగారు, ఇలాంటి పత్రం మొదటిసారి తనకు అర్థమైందని మెచ్చుకున్నారు.

కోతలకు వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది ఆ ఊరి చర్చికి వచ్చేవాళ్ళే. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు మాకు సమయం ఇచ్చారు. రెహానా తలమీద చున్నీ సర్దుకుని నిలబడి, పత్రం మొత్తం చదివి, మళ్ళీ నోటితో విడమరిచి చెప్పింది. మరియమ్మ అని ఒక ముఠా మేస్త్రి లేచి అడిగింది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. చేలో ఆవిడ పిలిస్తే పక్క చేలోవాళ్ళు కూడా తలెత్తేవాళ్ళు.

“చీటీ నువ్వు తీస్తావా అమ్మాయ్, మమ్మల్ని తియ్యమంటావా?”

“మీరే తియ్యండి పెద్దమ్మా,” అంది రెహానా.

అందరూ సంతోషంగా వేలిముద్రలు వేశారు. తర్వాత చీటీలు తీశారు. మరియమ్మ ముఠాకూ ఇంకో ముఠాకూ రాలేదు. రానివాళ్ళ ముఖాలు కూడా వాడకపోవడం నాకు వింతగానే అనిపించింది. మర్యాదస్థులు అనుకున్నాను. అప్పుడే తోటలు ఎర్రబారుతున్నాయి. వారం తిరిగేసరికి కోతలు మొదలయ్యాయి. లేపనం చూడటానికి తెల్లగా మెత్తగా ఉండేది కాబట్టి ఆడవాళ్ళు దానికి ‘వెన్న’ అని పేరు పెట్టేశారు.

మంటను కొలవడానికి పుస్తకాల్లో రకరకాల కొలమానాలు ఉన్నాయి. అవేవీ కాకుండా రెహానా సాయంత్రంపూట మూడు ప్రశ్నలు అడిగేది. అన్నం చేత్తో కలుపుకున్నారా, బిడ్డను ఎత్తుకున్నారా, రాత్రి నిద్ర పట్టిందా. మొదటి కోత ముగిశాక జవాబులన్నీ కూడితే తేడా కొట్టొచ్చినట్టు కనబడింది. మా గణాంకాల ప్రొఫెసర్ శేషగిరిగారు సాధారణంగా తన కుర్చీలోంచి లేవరు. ఆ రోజు ఆ కాగితాలు పట్టుకుని స్వయంగా మా గదికి వచ్చి, గుమ్మంలో నిలబడి, ఇంత తేడా తన సర్వీసులో చూడలేదన్నారు. ఆ సాయంత్రం రెహానా వాళ్ళ నాన్నగారు అందరికీ జిలేబీ పంపించారు.

మంచి వార్త వినగానే దాన్ని తిరగేసి వెనక వైపు చూడటం నాకున్న జబ్బు. జిలేబీ తింటూనే చూశాను. లేపనం వాడినవాళ్ళ చేతులు బాగున్నాయి, సరే. లేపనం లేనివాళ్ళ చేతులు ఎప్పటిలాగే ఉండాలి గదా. సీజనుకు ముందు, కిందటేడు కోతల్లో ఎలా ఉండేదని అదే ఆడవాళ్ళను అడిగి రాసుకున్న వివరాలతో పోలిస్తే ఇప్పుడు వాళ్ళ పరిస్థితి ఇంకా అధ్వానంగా ఉంది. ఏమీ మార్చని చోట మార్పు ఎందుకొచ్చింది? మర్నాడు జీపు తీయించి, రెహానాను వెంటబెట్టుకుని ఊరికి వెళ్ళాను. దీన్ని ఫీల్డ్ సూపర్‌విజన్ అంటారు. టీఏ బిల్లు కోసం చేసేవాళ్ళు ఎక్కువ, చూడటం కోసం చేసేవాళ్ళు తక్కువ.

మేం వెళ్ళేసరికి మరియమ్మ ముఠా రెండో కోతలో ఉంది. గట్టు మీద వేపకొమ్మకు చీర ఉయ్యాల కట్టి, ఒక ముసలావిడ బిడ్డను ఊపుతోంది. ఆ బిడ్డ తల్లి కరుణ, ఆ ముఠాలో అందరికంటే చిన్నది. ఊపే ఆవిడ అత్తగారు. బిడ్డ గుక్కపట్టి ఏడ్చేసరికి కరుణ సాలులోంచి పరుగెత్తుకొచ్చింది. వచ్చి, ఉయ్యాల పక్కన నిలబడి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. అత్తగారు బిడ్డను ఎత్తుకుని సముదాయిస్తుంటే ఈ పిల్ల కళ్ళతో చూస్తూ ఉండిపోయింది. 

చేతులు చూపించమన్నాను. ఎర్రగా కందిపోయి, పొడిగా ఉన్నాయి. ఆముదం రాసుకోలేదా అమ్మా అని అడిగాను.

“లేదండి. మా చీటీ వచ్చిందాకా ఏం రాయొద్దంది మరియమ్మక్క. చేతులు వట్టిగా ఉంటేనే వెన్న పట్టుద్దంట గదండీ,” అంది కరుణ.

ఇంతలో మరియమ్మే వచ్చింది. వెన్న తీసుకున్న ముఠాలను ఇంకే నూనే రాయొద్దని రెహానా చెప్పగా ఆవిడ విన్నదట. తన ముఠా చేత కూడా అదే పద్ధతి ముందునుంచే పాటింపజేసింది, ఆవిడను చూసి చీటీ రాని ఇంకో ముఠా కూడా. కొంగుతో ముఖం తుడుచుకుంటూ నన్ను అడిగింది.

“మా వంతు ఈ కోతకా, వచ్చే కోతకా డాక్టరమ్మగారూ? తొందరేం లేదులెండి. ఆఖర్న ఎత్తుకునేవాళ్ళకే ఎక్కువొచ్చిద్ది గదా.”

నేను రెహానా వైపు చూశాను. ఆ పిల్ల సంచీలోంచి అంగీకార పత్రం తీసి చీటీ అన్న మాట వెతుకుతోంది.

మా వైపు ఆడవాళ్ళకు చీటీ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఇరుగు పొరుగు కలిసి నెలనెలా తలా ఇంత వేసి, పేర్లు డబ్బాలో వేసి ఒకటి తీస్తారు. ఎవరి పేరు వస్తే ఆ నెల మొత్తం వాళ్ళది. వాళ్ళ పేరు ఇక డబ్బాలో ఉండదు. మరుసటి నెల మిగతా పేర్లలోంచి తీస్తారు. కొన్ని చీటీల్లో ఆలస్యంగా ఎత్తుకునేవాళ్ళకు నాలుగు రాళ్ళు ఎక్కువే ముడతాయి. ఏదైనా సరే, చివరికి డబ్బాలో ఏ పేరూ మిగలదు. చీటీతో తేలేది వరస మాత్రమే, వస్తుందా రాదా అన్నది కాదు. కాబట్టి చీటీ వేస్తామని రెహానా చదవగానే, అందరికీ వెన్న ఇస్తారనీ, ఎవరికి ముందో ఎవరికి వెనకో తేల్చుకోవడమే మిగిలిందనీ వాళ్ళు అర్థం చేసుకున్నారు. మిగతా రెండు ముఠాలూ ఎప్పటిలాగే కోతలకు వెళ్ళాలన్న మాటకు, తమ వంతు వచ్చేదాకా అనే అర్థం చెప్పుకున్నారు. సంతోషంగా వేలిముద్రలు వేసింది అందుకు.

రెహానా వాళ్ళమ్మ కూడా ఇంట్లో చీటీ నడుపుతుంది. చిన్నప్పుడు డబ్బాలోంచి పేర్లు తీసింది ఈ పిల్లేనట. “రాసేటప్పుడు ఆ చీటీ గుర్తుకే రాలేదు మేడమ్, డ్రా తీయడమనే అనుకున్నాను,” అంది జీపులో. తెలుగు రానివాళ్ళయితే నిఘంటువు చూసేవాళ్ళు, నలుగురిని అడిగేవాళ్ళు. ఇది తెలుగు బాగా వచ్చినవాళ్ళు చేసే పొరపాటు. బయల్దేరేముందు కరుణకూ మిగతావాళ్ళకూ ఆముదం రాసుకోమనీ, దానివల్ల మా మందుకు అడ్డేమీ లేదనీ మాత్రం గట్టిగా చెప్పి వచ్చాను.

మర్నాడు ముగ్గురం కూర్చున్నాం. శేషగిరిగారు చెడ్డమనిషి కాదు. రెహానా ఫెలోషిప్ మే నెలతో ముగుస్తుందనీ, ఈ సీజను పోతే ఆమెకు ఇంకో సీజను లేదనీ ఆయనకు తెలుసు. కోతలు ఇంకెన్నో లేవు, నూనె రాసుకోమని చెప్పేశారు గదా, ఇలాగే కానిచ్చి చివర్లో అందరికీ లేపనం పంచేద్దామన్నారు. “వాళ్ళనుకున్నదే జరుగుతుంది గదండీ. ఇందులో మోసమేముంది?” అని అడిగారు. తోసిపుచ్చే మాట కాదది. మొదటి కోత అంకెలు తప్పని నేనన్నాను. నూనెతో పోల్చాల్సిన మందును మనం వట్టి చేతులతో పోల్చామన్నాను. ఆ సంగతి కింద ఫుట్‌నోట్‌లో రాద్దామన్నారు ఆయన. నాకు కోపం వచ్చింది. ఆ ఫుట్‌నోట్ కరుణ అత్తగారికి చదివి వినిపించి రండి, ఆవిడ ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటానన్నాను. ఆయన లేచి వెళ్ళిపోయారు.

పద్ధతి ప్రకారం, అధ్యయనంలో ఏదైనా గాడి తప్పితే కమిటీకి నివేదిక రాయాల్సింది ప్రధాన పరిశోధకురాలు, అంటే రెహానా. గైడుగా నేను కింద సంతకం పెడతాను. సోమవారం పొద్దున్నకు నివేదిక నా బల్ల మీద ఉండాలని చెప్పాను. అందులో ఏం రాయాలో చెప్పలేదు. ఆమె రాయకపోతే నేనే రాస్తానన్న సంగతీ చెప్పలేదు. శిక్షణ ఇచ్చేవాళ్ళకు అన్నిటికంటే కష్టమైన పని నోరు మూసుకోవడం. 

శనివారం సాయంత్రం ఫోన్ చేసింది. ఆదివారం చర్చికి వెళ్ళి చెప్పేసి వస్తాననీ, జీపు ఇప్పించమనీ అడిగింది. ముందు ఊరికి చెప్పి, ఆ తర్వాతే కమిటీకి రాస్తానంది. పాస్టరుగారి చేత చెప్పిద్దామా అంటే వద్దంది. వెనక బెంచీలో కూర్చుంటాను, పెదవి విప్పను అని మాట ఇచ్చి నేనూ వెళ్ళాను.

రెహానా ఎక్కువసేపు మాట్లాడలేదు. చీటీ అన్న మాట తను తప్పుగా వాడానంది. ఎవరి వంతూ ఏమీ లేదనీ, సీజను అయ్యేదాకా ఆ రెండు ముఠాలకూ వెన్న ఇవ్వకూడదన్నదే పద్ధతి అనీ, అది వాళ్ళకు అర్థమయ్యేట్టు చెప్పకుండా వేలిముద్రలు తీసుకున్నాననీ చెప్పింది.  మరియమ్మ లేచింది.

“చీటీ అన్నావు గదా అమ్మాయ్. చీటీ అంటే అందరికీ రావాల. ఒకళ్ళకొచ్చి ఇంకొకళ్ళకి రాకపోతే అది లాటరీ అయిద్ది. లాటరీ అని చెప్తే మా వాళ్ళెవరూ వేలు పెట్టేవాళ్ళు కాదు.”

“అందుకే ఆ వేలిముద్రలు చెల్లవు పెద్దమ్మా. ఇవాళ్టితో ఆపేస్తున్నాం,” అంది రెహానా.

“ఆపితే మరి నీ చదువు?”

“ఆగిపోతుంది.”

అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి కరుణ, కూర్చున్న చోటునుంచే అంది. “మేం నూనె కూడా రాసుకోలేదండీ.” అందులో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు. జరిగింది చెప్పింది, అంతే. రెహానా “తెలుసు” అని మాత్రం అనగలిగింది.

జీపులో తెచ్చిన లేపనం డబ్బాలు ఆ రెండు ముఠాలకూ పంచాం. మరియమ్మ తీసుకుని, తనవాళ్ళకు ఇచ్చి, వెళ్ళిపోయింది. అంతకుముందు ఆ ఊరు ఎప్పుడు వెళ్ళినా టీ తాగకుండా కదలనిచ్చేవాళ్ళు కాదు. ఆ రోజు మాకెవరూ టీ ఇవ్వలేదు.

 తిరిగొచ్చేటప్పుడు పర్చూరు దాటాక రెహానా ఉన్నట్టుండి అడిగింది. “మేడమ్, నిజంగానే చీటీ వేస్తే? వాళ్ళనుకున్న చీటీ. వరస మాత్రమే డబ్బాలోంచి తీసి, చివరికి అందరికీ ఇచ్చేస్తే?”

అలాంటి పద్ధతి ఒకటి ఉంది. అన్ని ముఠాలూ నూనెతోనే మొదలుపెడతాయి. కొన్నాళ్ళకొక ముఠా చొప్పున లేపనంలోకి మారుతుంది. ఎవరు ఎప్పుడు మారాలన్నది డ్రా తేలుస్తుంది. ప్రతి ముఠా మారకముందు ఎలా ఉందో మారాక ఎలా ఉందో పోలుస్తారు. మెట్లు ఎక్కినట్టు ఉంటుంది గనక మెట్ల పద్ధతి అంటారు. రెహానాకు దాని పేరు తెలియదు, కానీ దాని దాకా వచ్చేసింది. పేరు చెప్పాను. దానికి ఒక సీజను మొత్తం కావాలనీ, నీ ఫెలోషిప్ అప్పటిదాకా ఉండదనీ కూడా చెప్పాను. ఆగుతానంది.

సోమవారం నివేదిక నా బల్ల మీద ఉంది. ఒక్క వాక్యం కూడా మార్చకుండా సంతకం పెట్టాను. కమిటీ ఆ సీజను అంకెలన్నీ కొట్టేసింది. నిధులిచ్చే సంస్థకు గడువు పెంచమని రాశాను, మళ్ళీ రాశాను. పెంచలేదు. రెహానా ఆ ఏడాది బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పింది. క్లాసులయ్యాక స్కూటీ మీద మా గదికి వచ్చేది. చేతులకు సుద్దపొడి అలాగే ఉండేది. ఇద్దరం కూర్చుని కొత్త పత్రం రాసేవాళ్ళం. ఒక్కో మాటనూ పట్టుకుని, ఇది ఇంకెక్కడ ఏ అర్థంలో వాడతారు, మార్కెట్ యార్డులో ఏమంటారు, చర్చిలో ఏమంటారు, మసీదు దగ్గర ఏమంటారు అని తగువులాడుకునేవాళ్ళం. శేషగిరిగారు మొదట ముభావంగా ఉన్నా, నెల తిరక్కుండానే ఆ తగువులో తనూ కూర్చోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఇంట్లో సాయంత్రం అయిదు కొట్టేసరికి నాకు ఏమీ తోచదు. ఆ తగువులు మళ్ళీ కావాలనిపిస్తుంది.

తర్వాతి సీజనుకు ముందు రెహానా ఒక్కతే మరియమ్మ ఇంటికి వెళ్ళింది. మొదటిసారి ఆవిడ పని ఉందని వెళ్ళిపోయింది. రెండోసారి కూర్చోమంది. మొత్తం విని, ఈసారి చీటీయేనా, లాటరీ కాదుగా అని రెండుసార్లు అడిగిందట. అందరికీ వస్తుందనీ, వెనక వచ్చినంత మాత్రాన ఎక్కువేమీ రాదనీ, వంతు వచ్చేదాకా నూనె మానకూడదనీ రెహానా చెప్పింది. నాలుగు ముఠాలూ ఒప్పుకున్నాయి. డబ్బా మరియమ్మ పట్టుకుంది. తన ముఠాకే ఆఖరి వంతు వచ్చింది.

అక్కడితో ఆగకుండా రెహానా ఇంకో పని చేసింది. ఇది నేను చెప్పింది కాదు, ఆమె సొంత ఆలోచన. మర్నాడు ఇల్లిల్లూ తిరిగి, మీటింగుకు రాని మనిషిని ఎవరినైనా పట్టుకుని, మీవాళ్ళు దేనికి ఒప్పుకుని వచ్చారు అని అడిగింది. కరుణ ఇంటికి తనతో నేనూ వెళ్ళాను. అత్తగారు మిరప తొడిమలు తుంచుతూ, తలెత్తకుండా చెప్పింది.

“మా కోడలిది ఆఖరి వంతంట. అది వచ్చిందాకా ఆముదం మానకూడదంట. మధ్యలో ఇష్టం లేకపోతే మానేత్తానని చెప్పొచ్చంట, ఎవరూ ఏమీ అనరంట.”

పత్రంలో ఉన్నదంతా ఆ మూడు మాటల్లో ఉంది. ఊళ్ళో ఇంకో రెండిళ్ళలో జవాబు తేడాగా వచ్చింది. ఒకావిడ, వెన్న రాసుకుంటే కాలేజీవాళ్ళు ఆసుపత్రి కార్డు ఇస్తారని భర్తకు చెప్పిందట. రెహానా ఆ రెండు వేలిముద్రలూ కొట్టేసి, మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఒకావిడ మళ్ళీ వేసింది, కార్డు ఆవిడ వేయలేదు.

ఆ సీజను ఫలితం ఏమిటంటే, లేపనం ఆముదం కంటే మెరుగే గాని, కొద్దిగానే మెరుగు. మొదటి ఏడాది మమ్మల్ని మురిపించిన తేడాలో చాలా భాగం వట్టి చేతులదే. లెక్కలు కట్టింది శేషగిరిగారే. “చిన్నదేనండీ. కానీ నిజంది,” అన్నారు. రెహానా ఉన్నదున్నట్టు రాసింది. పట్టా వచ్చింది. లేపనం కోసం ఏ కంపెనీ వెతుక్కుంటూ రాలేదు. ఆ ఏడాది ఆమెకు పోయింది పోయినట్టే. ఎవరూ తిరిగి ఇవ్వలేదు, ఇవ్వగలిగేది కూడా కాదు. ఇప్పుడు ఆమె వేరే ఊళ్ళో స్కాలర్లకు గైడు.

ఈ ఉదంతం వల్ల నాకు తెలిసింది ఇంతే. మనిషి దేనికి ఒప్పుకుందో ఆమె ఇంటికి వెళ్ళి తనవాళ్ళతో చెప్పిన మాటను బట్టే తెలుస్తుంది. మా దగ్గరున్న కాగితాన్ని బట్టి తెలియదు. ఆ తర్వాత మా విభాగంలో ప్రతి అధ్యయనానికీ మర్నాటి ప్రశ్న తప్పనిసరి చేశాను. ఇంట్లో వచ్చిన జవాబు పత్రంతో కలవకపోతే ఆ వేలిముద్ర లెక్కలోకి రాదు. స్కాలర్లకు ఇది గిట్టదు. పని వెనకబడుతుంది, సంఖ్య తగ్గుతుంది. నేను రిటైరైన రోజు సాయంత్రం, దండలూ ఫోటోలూ అయ్యాక, పత్తి కూలీల మీద పనిచేసే స్కాలరు ఒకతను గదికి వచ్చాడు. మర్నాటి ప్రశ్నకు సగం ఇళ్ళు తప్పాయి మేడమ్, కొట్టేస్తే నాకేమీ మిగలదు, ఏం చెయ్యమంటారు అని అడిగాడు. కొట్టేసి మళ్ళీ ఊరికి వెళ్ళమన్నాను.